లాప్‌టాప్ ఆగిపోయిన ఆదివారం: జాజ్ నుంచి మన సంఘాలు నేర్చుకునేది ఏమైనా ఉందా?

కీబోర్డ్_బెజవాడ
శనివారం, రాత్రి 10:40

అందరికీ వందనాలు. ఇక్కడ చాన్నాళ్ళుగా చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు.

మా చర్చిలో 11 ఏళ్ళుగా కీబోర్డ్ వాయిస్తున్నాను. ఈ నాలుగేళ్ళ సంగతైతే, ప్లే బటన్ నొక్కుతున్నాను అనడమే నిజం. డ్రమ్స్, వయొలిన్లు, ఫ్లూట్ అన్నీ లాప్‌టాప్‌లో ట్రాక్‌గా ఉంటాయి. చెవిలో తాళం లెక్క చెప్పే క్లిక్ టకటకలాడుతుంటుంది. దాని మీద నేనూ, ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ వాయించే తమ్ముడూ పైపైన ఏదో వాయిస్తాం. పాట 4 నిమిషాల 50 సెకన్లంటే అంతే. జనం కన్నీళ్ళతో పాడుతున్నా సరే, 4:50కి ఆగిపోతుంది.

కిందటి నెల ఒక ఆదివారం కానుకలు పడుతుండగా లాప్‌టాప్ హ్యాంగ్ అయింది. మేం వైర్లు పీకి పెడుతున్నాం, హాలంతా నిశ్శబ్దం. ఇంతలో మూడో వరసలోంచి ఒక మామ్మగారు, ఎనభై దాటి ఉంటాయి, పాత కీర్తన ఎత్తుకున్నారు. తాళం ఆవిడదే, నడక ఆవిడదే. ఆ శ్రుతి నా కీబోర్డులో ఏ మెట్టు మీదా సరిగ్గా కూర్చోదు. నేను వెతుక్కునేలోపు పల్లవి అయిపోయింది. ప్యాడ్స్ తమ్ముడు రెండు దెబ్బలు వేసి, ఎదురు తాళమని తెలిసి చేతులు ముడుచుకున్నాడు. ఆవిడ ఒక్కరే మూడు చరణాలూ పాడి కూర్చున్నారు. 11 ఏళ్ళు వాయించినవాణ్ణి, ఒక ముసలావిడ వెనక నాలుగు కార్డ్స్ (రెండు మూడు స్వరాలు కలిపి నొక్కడం) వేయలేకపోయాను.

అదే వారం మా బావ ఒక ఆల్బమ్ పంపాడు. అమెరికన్ జాజ్ శాక్సోఫోన్ కళాకారుడు జాన్ కోల్‌ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్'. 1964 డిసెంబర్ 9న న్యూజెర్సీలోని ఒక స్టూడియోలో నలుగురు కూర్చుని వాయించినది. దేవుడికి కృతజ్ఞతగా చేశానని కోల్‌ట్రేనే రాసుకున్నాడు. నాకు జాజ్ ఓనమాలు కూడా రావు. అయినా ఒక్కటి మాత్రం తెలిసింది. వాళ్ళలో ఒకరు పక్కదారి పడితే మిగతా ముగ్గురూ వెంట వెళ్తున్నారు. మా చర్చిలో మేం ఎందుకలా లేం? ఇది సంగీతం ప్రశ్నా, విశ్వాసం ప్రశ్నా అన్నది కూడా నాకు తేలట్లేదు.


మార్తా_కె
శనివారం, రాత్రి 10:58

ఆ మామ్మగారి దగ్గరికి వెళ్ళి ఒక మాట చెప్పావా లేదా?


కీబోర్డ్_బెజవాడ
శనివారం, రాత్రి 11:05

లేదక్కా. సిగ్గేసింది.


రెబెక్కా_ఆర్
ఆదివారం, మధ్యాహ్నం 2:15

తమ్ముడూ, సంగీతం ప్రశ్నా విశ్వాసం ప్రశ్నా అన్నావు, రెండూనూ. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం, 26వ వచనం నుంచి చదువు. మీరు కూడుకున్నప్పుడు ఒకడు కీర్తనతో వస్తాడు, ఒకడు బోధతో, ఒకడు ప్రత్యక్షతతో అంటాడు పౌలు. అందరూ ఏదో ఒకటి పట్టుకుని వచ్చేవాళ్ళే, ఊరికే వినడానికి వచ్చినవాళ్ళు కనబడరు. నాకు బాగా నచ్చేది 30వ వచనం. ఒకడు మాట్లాడుతుండగా కూర్చున్న మరొకడికి ఏదైనా బయలుపడితే మొదటివాడు ఊరుకోవాలి. మైకు చేతిలో ఉన్నవాడు ఊరుకోవడం! మన కూడికల్లో ఇది ఆఖరిసారి ఎప్పుడు చూశారో చెప్పండి.

జాజ్‌లో 'ట్రేడింగ్ ఫోర్స్' అని ఒకటుంది. నాలుగు బార్లు (బార్ అంటే తాళంలో ఒక చిన్న చుట్టు) శాక్సోఫోన్, తర్వాతి నాలుగు డ్రమ్స్, మళ్ళీ శాక్సోఫోన్. ఎదుటివాడు వదిలిన చోటు నుంచి నువ్వు అందుకోవాలి. ముందే సిద్ధం చేసుకున్నది వాయిస్తే ఇట్టే తెలిసిపోతుంది, వాడి మాట నువ్వు వినలేదని. కొరింథు సంఘంలో గొడవ కూడా దాదాపు అదే. అందరికీ వరాలున్నాయి, ఎవరి వరం వాళ్ళు వాయించుకుంటున్నారు. మనవాళ్ళేమో ఆ అధ్యాయంలో ఆఖరి వచనాన్ని మాత్రం, మర్యాదగా క్రమంగా జరగాలన్నదాన్ని, గోడ మీద పెయింట్ చేయించుకున్నారు.


సీయోను_పెద్ద
ఆదివారం, సాయంత్రం 6:30

ప్రైజ్ ది లార్డ్. రెబెక్కా సిస్టర్ గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. జాజ్ అనేది బార్లలో, వేశ్యవాడల్లో పెరిగిన సంగీతం. ఆ కోల్‌ట్రేన్ హెరాయిన్‌కి బానిసైన మనిషి, తర్వాత అన్ని మతాలనూ నమ్ముతానన్నవాడు. అతని దగ్గర మన సంఘం నేర్చుకునేదేమిటి? లాప్‌టాప్ చెడిపోతే కొత్తది కొనుక్కోవాలి, లేదా హార్మోనియం నేర్చుకోవాలి. ఇంత చర్చ అనవసరం.


జెర్సీ_సుధీర్
ఆదివారం, రాత్రి 9:50 (ఇక్కడ ఇంకా మధ్యాహ్నమే)

పెద్దాయన గారూ, మీరు చెప్పినవి అబద్ధాలు కావు. కానీ సగమే. కోల్‌ట్రేన్ తాతలిద్దరూ, తండ్రి తండ్రీ తల్లి తండ్రీ, మెథడిస్టు పాస్టర్లు. నల్లజాతివాళ్ళ ఏ.ఎం.ఈ. జయోన్ (ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ జయోన్) సంఘంలో. పిల్లవాడు విన్న మొదటి సంగీతం అదే. 1957లో మత్తుమందు వదిలాడు, ఆ ఏడాది దేవుడి కృప వల్ల ఆత్మీయంగా మేల్కొన్నానని ఆ ఆల్బమ్ కవర్ మీద తానే రాశాడు. తర్వాత అన్ని మతాలూ చదివాడన్నదీ నిజమే. అందుకే ఆయన్ని మన సంఘ సభ్యుడిగా చేర్చుకోవద్దు, అవతలికి నెట్టేయనూ వద్దు. (శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక చర్చి ఏకంగా ఆయన్ని సెయింట్ చేసుకుంది. అది నాకే కాస్త ఎక్కువనిపిస్తుంది.)

కీబోర్డ్ తమ్ముడూ, ఒక పని చెయ్యి. ఆ ఆల్బమ్‌లో నాలుగో భాగం పేరు 'సామ్', అంటే కీర్తన. ఆయన రాసిన ప్రార్థన ఒకటి కవర్ లోపల అచ్చయి ఉంటుంది. ఆ కాగితం ముందు పెట్టుకుని, మాట మీద వేలు పెట్టి విను. శాక్సోఫోన్ ఆ మాటల్నే చదువుతుంటుంది, దాదాపు అక్షరానికి ఒక స్వరం చొప్పున. దేవుడికి స్తోత్రం అన్న చోటుకొచ్చినప్పుడల్లా ఒకేలా దిగుతుంది. మా నాన్న దగ్గర వినిపిస్తే ఆయన అన్నమాట: "వీడు ప్రార్థన చేస్తున్నాడ్రా, నోరు రాక."

ఇంకో సంగతి. నేను పుట్టింది గుంటూరులో లూథరన్ ఇంట్లో. ఇక్కడికొచ్చాక మాన్‌హట్టన్‌లో లెక్సింగ్టన్ అవెన్యూ, 54వ వీధి మూలన ఉన్న సెయింట్ పీటర్స్ లూథరన్ చర్చికి వెళ్ళాను, మనవాళ్ళ చర్చే కదా అని. సాయంత్రం 5 గంటల ఆరాధన. ప్రభువు బల్ల పక్కన డబుల్ బాస్, మనిషంత ఎత్తు తంతి వాయిద్యం, నిలబెట్టి ఉంది! జాన్ గెన్సెల్ అనే పాస్టర్ 1965లో ఈ జాజ్ ఆరాధన మొదలుపెట్టాడు. సాయంత్రమే ఎందుకంటే, శనివారం రాత్రి తెల్లవార్లూ క్లబ్బుల్లో వాయించి పడుకున్నవాడు పొద్దున 11కి చర్చికి రాలేడు. వాళ్ళు రావట్లేదని ప్రసంగం చేయకుండా ఈయన గంట మార్చాడు. తానే క్లబ్బులకి వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చునేవాడు. 1967 జూలైలో కోల్‌ట్రేన్ నలభై ఏళ్ళకే పోతే అంత్యక్రియలు ఆ చర్చిలోనే జరిగాయి.

నేను వెళ్ళిన రోజు విజ్ఞాపన ప్రార్థన జరుగుతున్నంతసేపూ డ్రమ్మర్ కర్రలు పక్కన పెట్టి, చర్మం మీద అరచేయి నెమ్మదిగా తిప్పుతూ కూర్చున్నాడు. వాయించడం లేదు, ఆపడమూ లేదు. ప్రార్థన చేసే ఆవిడ గొంతు పూడుకుపోయి ఆగితే ఆ చేయి కూడా ఆగింది.


వయొలిన్_మాస్టారు
సోమవారం, ఉదయం 5:20

నేను క్రైస్తవుణ్ణి కాను. కర్ణాటక సంగీతం నేర్పుతాను. సంగీతం అన్న మాట కనబడి లోపలికొచ్చాను, తప్పయితే చెప్పండి.

జాజ్‌లో స్వేచ్ఛ అంటే నోటికొచ్చింది వాయించడమని చాలామంది అనుకుంటారు. పాటకి 12 బార్లో, 32 బార్లో ఒక చట్రం ఉంటుంది. మొదట అందరూ కలిసి పాట వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ అదే చట్రం మీద తమ కల్పన చేస్తారు. చట్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది, మన తాళంలో ఆవర్తనం (ఒక పూర్తి చుట్టు) లాగా. బయటికి వినబడకపోయినా అందరి బుర్రలోనూ అది నడుస్తూనే ఉండాలి. మన కల్పనస్వరాలకీ (అప్పటికప్పుడు అల్లే స్వరాలకీ) దానికీ చుట్టరికం ఉందిగానీ ఒక తేడా ఉంది. కచేరీలో నేను గాయకుడి నీడని. ఆయన పాడింది పట్టుకుని చూపిస్తాను, నా వంతు వస్తే నాలుగు మాటలు చెబుతాను. దారి ఆయనది. జాజ్‌లో వెనకున్న పియానోవాడు ఒక కొత్త కార్డ్ వేసి ముందున్నవాడి దారే మార్చేయగలడు. కోల్‌ట్రేన్ వెనక పియానో మీద మెకాయ్ టైనర్, డ్రమ్స్ మీద ఎల్విన్ జోన్స్ చేసింది అదే. సంఘం గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ తేడా మీకు పనికొస్తుందేమో.

కీబోర్డ్ బాబూ, నిజం చెప్పనా? నీకు రానిది జాజ్ కాదు. పక్కవాద్యం.

అన్నట్టు మీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం నా దగ్గరుంది. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనల మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. మీ మామ్మగారిది ఏ కీర్తన?


కీబోర్డ్_బెజవాడ
సోమవారం, ఉదయం 7:10

మాస్టారూ, నిజంగా గట్టిగా తగిలింది. థాంక్యూ. ఏ కీర్తనో నాకు తెలియదు. అదే కదా నా సమస్య!


జెర్సీ_సుధీర్
సోమవారం, ఉదయం 8:02

మాస్టారు చెప్పిన కార్డ్ సంగతికి ఒక కథ. 1960ల్లో యూరప్‌లో కచేరీ. మైల్స్ డేవిస్ ట్రంపెట్ సోలో మంచి పట్టులో ఉండగా వెనక పియానో మీద హెర్బీ హాన్‌కాక్ పూర్తిగా తప్పు కార్డ్ వేశాడు. అంతా పాడుచేశానని చెవులు మూసుకున్నాడట. మైల్స్ ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, ఆ కార్డ్‌ని ఒప్పు చేసే స్వరాలు వాయించాడు. మైల్స్ దాన్ని తప్పుగా వినలేదు, జరిగిన ఒక సంగతిగా విన్నాడు అంటాడు హాన్‌కాక్. నాకు క్షమాపణ గురించి ఇంతకన్నా మంచి ప్రసంగం తెలియదు.


రెబెక్కా_ఆర్
సోమవారం, ఉదయం 9:30

సుధీర్ గారూ, ఆ కథ నాకూ ఇష్టమే. అయితే దాని పక్కన ఇంకోటి పెట్టకపోతే మనం తేనె పూస్తున్నట్టు. 1936, కాన్సస్ సిటీ. పదిహేను, పదహారేళ్ళ శాక్సోఫోన్ కుర్రాడు చార్లీ పార్కర్ పెద్దవాళ్ళ జామ్ సెషన్‌లో (అప్పటికప్పుడు కలిసి వాయించే కూడికలో) వాయిస్తూ మధ్యలో దారి తప్పాడు. డ్రమ్మర్ జో జోన్స్ తాళం చిప్ప ఊడదీసి వాడి కాళ్ళ దగ్గరికి విసిరాడు. హాలంతా నవ్వింది. ఆ పిల్లవాడు తర్వాతి వేసవిలో కొండ ప్రాంతానికి వెళ్ళి, శాక్సోఫోన్ దిగ్గజం లెస్టర్ యంగ్ రికార్డుల్లోని సోలోలు అన్నీ పట్టి నేర్చుకుని తిరిగొచ్చాడు. గొప్పవాడయ్యాడు కాబట్టి ఈ కథ మిగిలింది. అలా చిప్ప పడ్డాక మళ్ళీ రానివాళ్ళ కథలు ఎవరు చెబుతారు?

మన సంఘాల్లో హాన్‌కాక్‌లు ఎందరు, చిప్ప దెబ్బ తిన్న పిల్లలు ఎందరు? సాక్ష్యం చెబుతూ తడబడితే వెనక బెంచీలో నవ్వినందుకు మానేసినవాళ్ళు నాకే ముగ్గురు తెలుసు. అందులో ఒకరు మా ఇంట్లోనే ఉన్నారు.


మార్తా_కె
సోమవారం, ఉదయం 9:41

😔 మా ఇంట్లోనూ.


డప్పు_మనవడు
సోమవారం, రాత్రి 11:55

ఎక్కువగా రాయను నేను. ఇవాళ రాస్తాను.

మాది ప్రకాశం జిల్లా. మా తాత డప్పు వాయించేవాడు. ఊళ్ళో ఎవరు పోయినా ఆయన రావాల్సిందే. గడ్డి మంట వేసి, డప్పు చర్మం కాచి, వేలితో ఒకసారి కొట్టి చూసి, ఇంకా పలకలేదని మళ్ళీ కాచేవాడు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. బాప్తిస్మం తీసుకున్నాక డప్పు మానేశాడు. మానెయ్యమన్నారు. అది చావు వాయిద్యం, జాతర వాయిద్యం, పాత జీవితం అన్నారు. అందులో కొంత అర్థముంది, కాదనను. ఊరు మమ్మల్ని పిలిచేది ఆ డప్పు పేరుతోనే, కూలి లేకుండా. అది వదిలితే తల ఎత్తుకోవచ్చనుకున్నాడు. డప్పుని ఇంట్లో దూలానికి తగిలించాడు. ఎప్పుడైనా వాన రాత్రి కింద కూర్చుని దాన్ని చూస్తూ మోకాలి మీద వేళ్ళతో కొట్టుకునేవాడు.

ఆయన పోయినప్పుడు మా చిన్నాన్న, దించి వాయిద్దామన్నాడు. పెద్దలు ఒప్పుకోలేదు. సమాధి దగ్గర కీర్తన పాడి, ప్రార్థన చేసి అయ్యగారు వెళ్ళిపోయారు. అందరూ పోయాక చిన్నాన్న, ఇంకో ఇద్దరు వీధి చివర మంట వేసి ఒక్క పావుగంట వాయించారు. నాకు తొమ్మిదేళ్ళు. ఆ రోజు నేను ఏడ్చింది అప్పుడే.

కాలేజీలో ఉండగా న్యూ ఆర్లియన్స్ అంత్యక్రియల వీడియో చూశాను. బానిసల మనవళ్ళు చందాలేసుకుని సహాయ సంఘాలు పెట్టుకున్నారు, సభ్యుడు పోతే ఖర్చు, బ్యాండు సంఘానిదే. వెళ్ళేటప్పుడు మెల్లగా, కాళ్ళీడ్చుకుంటూ క్రైస్తవ కీర్తన. శవాన్ని అప్పగించి తిరిగొచ్చేటప్పుడు అదే బ్యాండు ఉత్సాహంగా ఎత్తుకుంటుంది, వెనక వీధి వీధంతా గొడుగులు తిప్పుతూ నాట్యం. బూరలు ఊదేది చర్చి మనుషులే. అవే బూరలు రాత్రికి క్లబ్బులో. ఎవరూ బూరకి బాప్తిస్మం అడగలేదు.

జాజ్ నుంచి పాఠాలు నేర్చుకుందాం అంటున్నారు, మంచిదే. మనింట్లో దూలానికి వేలాడుతున్నదాన్ని కూడా ఒకసారి దించి చూడండి.


వయొలిన్_మాస్టారు
మంగళవారం, ఉదయం 5:05

రెండుసార్లు చదివాను. మా వైపు నుంచి కూడా ఆ డప్పుని మండపం మెట్లెక్కనివ్వలేదు బాబూ. ఆ లెక్క మాదీ ఉంది.


జెర్సీ_సుధీర్
మంగళవారం, ఉదయం 7:45

డప్పు_మనవడు అన్నా, నీ పోస్టు తర్వాత ఏం రాసినా చప్పగానే ఉంటుంది. ఒక్కటి మాత్రం చెబుతాను. జాజ్ బ్యాండు నాయకుడు, స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ 1965 సెప్టెంబర్ 16న శాన్‌ఫ్రాన్సిస్కో గ్రేస్ కెథడ్రల్‌లో తన మొదటి పవిత్ర సంగీత కచేరీ చేశాడు. తన జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన పని అదేనన్నాడు. అందులో దావీదు రాజు దేవుని మందసం (పవిత్రమైన పెట్టె) ముందు నాట్యమాడిన బైబిల్ ఘట్టానికి బన్నీ బ్రిగ్స్ అనే ట్యాప్ డాన్సర్ బూట్లతో, బల్ల ముందే, నాట్యం చేశాడు. చర్చిలో బూటు చప్పుడు! అందరూ మెచ్చుకున్నారనుకోకండి. క్లబ్బుల్లో వాయించేవాడు దేవుడి మందిరంలో ఏమిటన్న పాస్టర్లు అమెరికాలోనూ ఉన్నారు, నల్లజాతి పాస్టర్లలో కూడా.

ఆ కచేరీ మొదటి పాటకి మూలం ఆరు స్వరాలు. ఇంగ్లీషు బైబిల్ మొదటి మాటల్లో ఆరు అక్షరాల పలుకు ఉంది: ఇన్ ద బి గి నింగ్ గాడ్. స్వరానికి ఒకటి.


రెబెక్కా_ఆర్
మంగళవారం, ఉదయం 8:20

మన బైబిల్లో 'ఆదియందు దేవుడు'. లెక్కపెట్టండి, ఏడు. డ్యూక్ తెలుగువాడైతే ఇంకో స్వరం కలిసొచ్చేది 🙂


మార్తా_కె
మంగళవారం, ఉదయం 11:00

మగవాళ్ళ పేర్లే వస్తున్నాయి, ఒక్క ఆడమనిషీ లేదా?


రెబెక్కా_ఆర్
మంగళవారం, మధ్యాహ్నం 1:10

మార్తక్కా, మేరీ లూ విలియమ్స్. పియానిస్ట్, ఎల్లింగ్టన్‌కే పాటలు కట్టి ఇచ్చిన మనిషి. 1954లో పారిస్‌లో మంచి పేరు మీద ఉండగా వాయించడం ఆపేసింది. న్యూయార్క్ తిరిగొచ్చి ప్రార్థనలో పడింది, 1957లో క్యాథలిక్ అయింది. సంగీతం పాపమేమోనని అనుమానం. నీ సంగీతమే నీ ప్రార్థన అని ఫాదర్లే నచ్చజెప్పి మళ్ళీ పియానో దగ్గర కూర్చోబెట్టారట. అయితే నాకు ఆవిడలో పెద్దగా కనబడేది వేరే. మత్తుమందులో కూరుకుపోయిన కళాకారుల్ని తన సొంత ఫ్లాట్‌లో పెట్టుకుని వండిపెట్టేది, వాళ్ళ వైద్యానికి డబ్బు కోసం పాత బట్టల దుకాణం పెట్టింది. పెద్ద పెద్దవాళ్ళు తమవి తెచ్చి ఇచ్చేవారు. 1975లో న్యూయార్క్ సెయింట్ పాట్రిక్స్ కెథడ్రల్‌లో ఆవిడ జాజ్‌లో కట్టిన పూజ జరిగింది. జనం చెప్పుకునేది ఆ పూజ గురించి. నేనైతే ఆ దుకాణం గురించి చెబుతాను.


సీయోను_పెద్ద
మంగళవారం, రాత్రి 9:15

ఆరాధనలో జాజ్ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

డప్పు విషయం వేరు. మా ఊళ్ళో ఒక సహోదరుడి భూస్థాపనలో ఇలాగే, వద్దన్నవాళ్ళలో నేను ఉన్నాను. సంఘపెద్దగా. ఆయన కొడుకు నన్ను ఎదురుగా నిలబడి అడిగాడు, "మరి కీర్తనల గ్రంథం ఆఖర్లో తంబుర ఉంది కదయ్యా" అని. (అక్కడ తంబుర అంటే తంతి వాయిద్యం కాదు, చేత్తో వాయించే చర్మవాద్యం.) నేను జవాబు చెప్పలేదు, కోప్పడ్డాను. ఇంతకంటే రాయలేను.


డప్పు_మనవడు
మంగళవారం, రాత్రి 9:40

అయ్యగారూ, చాలు. వందనాలు.


కీబోర్డ్_బెజవాడ
గురువారం, రాత్రి 10:20

నిన్న మామ్మగారింటికి వెళ్ళాను. బుధవారం వాళ్ళింట్లోనే గృహకూడిక. లాప్‌టాప్ తీసుకెళ్ళలేదు, చిన్న కీబోర్డ్ ఒడిలో పెట్టుకుని కింద చాప మీద కూర్చున్నా. ముందు సారీ చెప్పాను మార్తక్కా. ఆవిడకి ఆ ఆదివారం గుర్తే లేదు. "కరెంటు పోయిందనుకున్నాను నాయనా" అన్నారు.

కీర్తన ఎత్తుకున్నారు. ఈసారి మొదటి చరణం మొత్తం కీబోర్డ్ ముట్టుకోలేదు. ఆవిడ కుడిచేయి మోకాలి మీద వేస్తున్న తాళం చూస్తూ కూర్చున్నాను. పల్లవిలో రెండో మాట దగ్గర ఆవిడ కొంచెం ఆగుతారు, ఊపిరి కోసం కాదు, ఆ మాట ఇష్టమై. రెండో చరణం నుంచి ఎడమచేత్తో ఒక్క స్వరం పట్టుకున్నాను. మూడోదానికి రెండు. అంతే వాయించాను. వంటింట్లోంచి వాళ్ళ కోడలు గరిట పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడి పల్లవి అందుకుంది.

మాస్టారూ, ఒక సమస్య. ఆవిడ నాలుగు శ్రుతిలో ఎత్తుకుని, మూడో చరణానికొచ్చేసరికి నాలుగున్నరకి ఎక్కిపోతున్నారు. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుకోమంటారా, వేళ్ళతోనే వెతుక్కోమంటారా?


వయొలిన్_మాస్టారు
శుక్రవారం, ఉదయం 5:12

బటన్ మీద టేపు అంటించెయ్యి. ఆదివారం సాయంత్రం ఖాళీ అయితే మా ఇంటికి రా, ఆ కీర్తన రాగం పట్టుకుందాం. పుస్తకం నేను తీసి ఉంచుతాను, పాడి వినిపించడానికి మామ్మగారిని కూడా తీసుకురా. మెట్లు లేవు మా ఇంటికి.